నీటి నడక – కట్టడపు రూపము

చెంబులోని మజ్జిగను గ్లాసులోనికి వంచునపుడు ప్రతి యింటను అనుభవమైన చిక్కు ఒకటి కలదు. మెల్లగా వంచినచో మజ్జిగ గ్లాసులో పడక, చెంబు అంచును పట్టుకొని, దాని పొట్టమీదుగా జారి, అరుగును తడుపును. వడిగా వంచినచో అంచును విడిచి దూరముగా దూకును. కొమ్ముచెంబునకు ఈ చిక్కు లేదు. ఆ కొమ్మును వంచిన కంచరి గణితము చదివినవాడు కాకపోవచ్చును. అతడు ద్రవము ఏ దారిని పోగోరుచున్నదో కనిపెట్టి, ఆ దారికి తగినట్లు లోహమును మలచినాడు. అక్కడ రూపము ప్రవాహము నుండి పుట్టినది.

ఇది వంటింటి ముచ్చటగా తోచవచ్చును. కాని గుంటూరు, ప్రకాశం సీమలకు నీరిచ్చు నాగార్జునసాగరము మొదలుకొని మిరప చేనిలో చుక్క చుక్కగా నీటిని విడిచెడి ప్లాస్టిక్ గుండీ వరకు, నీటిని మోయు ప్రతి పనిముట్టు వెనుకను ఈ ప్రశ్నయే ఉన్నది. నీరు తనంత తాను ఏ దారిని పోవును? ఆ దారిని అంకెలలోనికి తెచ్చి, ఆ అంకెల చేతనే కట్టడపు వంపులను నిర్ణయించుట ఎట్లు? నేడు ఈ పని కంప్యూటరు తెరమీద జరుగుచున్నది. ప్రవాహమును గణించు లెక్క ఒకవైపు, రూపమును గీయు లెక్క వేరొకవైపు ఉండి, మొదటిదాని ఫలితములు రెండవదానిని నడుపును. పేరు క్రొత్తదే గాని పని ప్రాతది. ప్రాత పని నుండి మొదలిడినచో క్రొత్తపని సులభముగా బోధపడునని మా నమ్మకము.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచిరి. ఆనకట్టకు 26 తలుపులు కలవు. ఒక్కొక్కటి 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు. ఆ తలుపులు ఎత్తిన దినములలో బస్సులు కట్టించుకొని పోయి నురుగును చూచి వచ్చువారు వేలకొలది ఉందురు. నురుగు క్రింద ఉన్న వంపును చూచినవారు అరుదు. దానిని చూడవలెనన్న వేసవిలో, తలుపులు మూసియున్నపుడు పోవలెను. పైన ఏనుగు వీపువలె గుండ్రనై, క్రమముగా వాలి, అడుగున మరల పైకి తిరిగిన గీత అది. దానిని అందము కొరకు గీయలేదు. పొర్లు కట్టల వీపునకు ఆ రూపము నిచ్చినది నీరే.

ఎట్లన, ఒక పలుచని రేకును నీటికి అడ్డముగా నిలిపి, దాని మీదుగా నీటిని పొర్లించితిమనుకొనుడు. రేకు అంచును దాటిన నీరు వెంటనే క్రిందికి వంగదు. ఒక్కింత పైకి లేచి, పిమ్మట వంగి, తెరవలె పడును. ఆ తెర అడుగువైపు గీతను బహు ఓపికతో కొలిచినవారు కలరు. వారిలో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు బాజిన్ పందొమ్మిదవ శతాబ్దిలోనే ఈ పని చేసెను. తెరకును రేకునకును నడుమ నున్న ఖాళీని రాతితోనో కాంక్రీటుతోనో నింపినచో ఏమగును? నీటికి తన దారి తనకు దొరకును; రాతిని గట్టిగా ఒత్తదు, రాతిని విడిచి ఎగురదు. పొర్లు కట్టకు కావలసిన వీపు అదియే.

అమెరికా దేశములో విక్స్‌బర్గు నగరమునందలి జలపరిశోధనాలయము వారు ఇట్టి కొలతల నుండి ఒక సూత్రమును రాబట్టిరి. దానిని మాటలలో చెప్పుదుము. కట్ట శిఖరముపై నిలిచెడి నీటి ఎత్తు ఎంతయో, శిఖరము నుండి అంత దూరము ముందునకు పోవునప్పటికి వంపు అందులో సగము దిగవలెను. నీటి ఎత్తు 44 అడుగులని తీసికొన్నచో, 44 అడుగుల ముందునకు 22 అడుగుల దిగుడు. 22 అడుగుల దూరమున దిగుడు 6 అడుగులకు కొంచెము పైన మాత్రమే. 88 అడుగుల దూరమున 79 అడుగులు దాటును. మొదట మందముగా, పిమ్మట నిటారుగా. సాగరపు వంపును సరిగా ఈ సూత్రము చేతనే గీచిరని మేము చెప్పుట లేదు. తలుపుల ఎత్తును ఉదాహరణకు వాడుకొంటిమి.

ఇప్పుడు 44కు బదులు 50 అడుగులు తీసికొనుడు. 44 అడుగుల దూరమున దిగుడు 22 కాదు, ఇంచుమించు 19.7 అడుగులగును. ఆ ఒక్క అంకెను మార్చినంతనే గీత పొడవునను ప్రతి బిందువును తన చోటు మార్చుకొన్నది. దీనినే నేటి రూపశిల్పులు పరామితుల చేత నడచు రూపము అందురు. దర్జీకి ఇది క్రొత్త సంగతి కాదు. ఛాతీ కొలత పెరిగినచో భుజము, చంక, మెడ తగు పాళ్ళలో పెరుగునని అతనికి తెలియును. అతడు చొక్కాను గీయడు, చొక్కాలోని కొలతల సంబంధమును మనసులో ఉంచుకొని గీయును. కంప్యూటరు చేయునదియు ఆ సంబంధములను గుర్తుంచుకొనుటయే.

వంపు తప్పినచో నష్టమేమి? అవసరమునకు మించి పరచినచో రాయి వ్యర్థము. మరీ నిటారుగా కట్టినచో నీటి తెర వీపును విడిచిపోగోరును. అక్కడ ఒత్తిడి తగ్గి, పీల్చు బలము పుట్టును. ఆ బలము మితిమీరినచోట నీటిలో ఆవిరి బుడగలు ఏర్పడి, కొంత దూరము పోయి పగులును. చూచుటకు బుడగయే గాని, దాని దెబ్బలు వరుసగా తగిలినచో కాంక్రీటు గుంటలు పడును. సరియైన వంపునకు సైతము, తాను ఏ నీటి ఎత్తు కొరకు గీయబడినదో అంతకు మించిన నీరు వచ్చినచో ఈ పీడ కొంత తప్పదు. అందుచేత, మొదట తీసికొన్న ఆ ఒక్క అంకె ఎంత నిజమన్నదే అన్నింటికన్న పెద్ద ప్రశ్న. 2009 అక్టోబరు మొదటి దినములలో శ్రీశైలమున నీటిమట్టము నిండు మట్టమైన 885 అడుగులను దాటి సుమారు 896 అడుగులకు చేరినపుడు, కృష్ణ వెంబడి గ్రామములవారు రేడియోలను విడువక కూర్చుండిన సంగతి చాలమందికి జ్ఞాపకముండును. ఆనకట్ట నిలిచినది. కాని ఆ రాత్రులలో ఇంజనీరుల మనసులందు తిరుగాడినవి మనము చెప్పుకొనుచున్న ఇట్టి అంకెలే.

సూత్రమునకు లొంగని చోట నమూనా కట్టి చూచుట రెండవ పద్ధతి. పూనే దగ్గర ఖడక్‌వాస్లా యందు ఈ పని జరుగుచున్నది. మన హైదరాబాదు చెంత హిమాయత్‌సాగర్ వద్దను ఇట్టి పరిశోధనాలయము కలదు. నదిని, కట్టను నూరవ వంతుకు కుదించి, ఇసుకతోను సిమెంటుతోను పోతపోసి, నీరు విడుతురు. కొలతలు నూరవ వంతైనను నీటి వడి నూరవ వంతు కాదు, పదియవ వంతు. ప్రవాహము లక్షవ వంతు. అనగా పది లక్షల క్యూసెక్కుల వరదను పది క్యూసెక్కులతో చూపవచ్చును. నిజమైన నదిలో ఒక గంట నమూనాలో ఆరు నిమిషములు. పిల్లల ఆటవలె కనిపించు ఈ పనిలో లోపమొక్కటే. గోడను కొంచెము వంచి చూడవలెనన్న, పగులగొట్టి, మరల పోసి, ఆరనిచ్చి, మరల నీరు విడువవలెను. పది రూపములు చూచుటకు నెలలు పట్టును.

ఇక్కడనే కంప్యూటరు ప్రవేశించినది. నీటి నడకకు సంబంధించిన సమీకరణములు క్రొత్తవి కావు. ఫ్రాన్సులో నావియే 1822లోను, ఇంగ్లండులో స్టోక్స్ 1845లోను వానికి రూపమిచ్చిరి. కాని ఒక కాలువ మలుపునకైనను వానిని చేతితో పూర్తిగా సాధించుట మానవమాత్రునికి కాని పని. అందుచేత నీరున్న చోటునంతటిని చిన్న చిన్న గళ్ళుగా విభజింతురు. వాకిట ముగ్గు పెట్టు ఆడవారికి ఇది వెంటనే బోధపడును. మొదట చుక్కలు, పిమ్మట గీత. మెలికలున్న చోట చుక్కలు దగ్గరగా, విశాలమైన చోట దూరముగా. కంప్యూటరు ఒక్కొక్క గడిలోనికి ఎంత నీరు వచ్చినది, ఎంత పోయినది, ఇరుగుపొరుగు గళ్ళు దానిని ఎంత బలముతో త్రోయుచున్నవి అని లెక్కించును. గళ్ళు లక్షలు, ఒక్కొక్కప్పుడు కోట్లు. లెక్క ముగియునప్పటికి ప్రతి గడికిని వడి, దిశ, ఒత్తిడి అను అంకెలు మిగులును.

చాలకాలము ఈ అంకెలను రంగుల పటములుగా అచ్చువేసి, చూచి, తల పంకించి ఊరకుండువారు. నేటి పద్ధతిలో వానిని తిరిగి రూపములోనికే పంపుదురు. ఒక బ్యారేజీ స్తంభమును ఊహింపుడు. దాని ముక్కు ఎంత కోసుగా ఉండవలెను, నడుము ఎంత వెడల్పు, తోక ఎంత పొడవు అను మూడు అంకెల మీద దాని రూపమంతయు ఆధారపడునట్లు గీతురు. ప్రవాహపు లెక్కలో తోక వెనుక సుడి పెద్దదైనచో, ఆ సుడి కొలతయే తోక పొడవును పెంచును. పెరిగిన తోకతో మరల లెక్క. సుడి తగ్గినది గాని ప్రక్కన వడి హెచ్చినది, నడుము సన్నబడును, మరల లెక్క. యంత్రము ఇట్లు అనేక రూపములు పరీక్షింపవచ్చును. చిత్రమేమన, ఇట్లు పుట్టిన రూపములు పలుమారు చేప దేహమును, నది ఒరసిన గులకరాతిని పోలియుండును. అవి రెండును నీటిని అడిగి తెచ్చుకొన్న రూపములే గదా.

అయితే యంత్రము అడిగిన ప్రశ్నకే సమాధానము చెప్పును. సుడి తగ్గింపుమన్న తగ్గించును; ఆ వంపును తాపీమేస్త్రి కట్టగలడా, పలకలకు ఎంత ఖర్చగును అని అడుగనిచో చెప్పదు. దానికి ఇచ్చిన లోకములో నీరు తప్ప మరియొకటి లేదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో విజయవాడ ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినది. 1957లో ప్రారంభమైన ఆ బ్యారేజీ 70 తలుపులతో ఆ నీటిని దాటించినది. ఆ వరదలో కొట్టుకొని వచ్చిన పడవలు తలుపులకు తగిలి, వానిని తూచు కాంక్రీటు దిమ్మెలను దెబ్బతీసినవి. నీటిని మాత్రమే గణించు లెక్కలో పడవకు చోటు లేదు.

కట్టడముల సంగతి అట్లుండగా, మన రైతులకు ఇంతకన్న దగ్గరి సంగతి కాలువ. కాలువకు ఎంత వెడల్పు, ఎంత లోతు ఉండవలెను? ఇదియు నీటినే అడిగి తెలిసికొనవలసిన ప్రశ్న. 1895లో కెన్నెడీ అను ఇంజనీరు పంజాబునందలి ఎగువ బారీ దోఆబు కాలువలో పూడికయు పడక, కోతయు లేక నిలిచిన భాగములను కొలిచెను. 1930లో లేసీ ఇంకను ముందునకు పోయి, ఒండ్రునేలలో ప్రవాహము తనంత తానే తన పాన్పును నిర్మించుకొనునని చూపెను. ఆయన లెక్కలో కాలువ తడియు చుట్టుకొలత, ప్రవాహపు వర్గమూలమును బట్టి ఉండును. 100 క్యూసెక్కుల కాలువకు సుమారు 27 అడుగులు. 2,500 క్యూసెక్కులకు సుమారు 133. 10,000 క్యూసెక్కులకు 267. నీరు నాలుగింతలైనచో కాలువ రెండింతలే కావలెను. కంప్యూటరు పుట్టుటకు ఎంతో ముందే ప్రవాహపు అంకె కాలువ రూపమును నడిపినది.

కాని లేసీ సూత్రము సింధు, గంగా మైదానముల వంటి ఒండ్రునేలలకు చెందినది. దానిని తెచ్చి మన నల్లరేగడిలో పరచినచో నేల ఒప్పుకొనదు. ప్రత్తికి ప్రాణమైన ఈ నేల కాలువకు మాత్రము శత్రువు. వానకు ఉబ్బును, ఎండకు మనిషి చేయి దూరునంత బీటలు వారును. దానిమీద కాంక్రీటు పలకలు పరచినచో, క్రిందినుండి ఎత్తి పగులగొట్టును. గట్లు జారి కాలువలోనికే వచ్చును. బొంబాయి ఐఐటీ ఆచార్యులు కట్టి ఈ చిక్కును చిరకాలము పరిశోధించి, రేగడికిని పలకలకును నడుమ జిగురుండియు ఉబ్బని మట్టిని మందమైన పొరగా పరచవలెనని చూపిరి. దాని భావమేమి? కాలువ రూపమును నిర్ణయించు అధికారము నీటికి మాత్రమే లేదు; మట్టికిని అందులో పాలు కలదు. నీటి అంకెలతోనే తృప్తిపడిన గీత కాగితముమీద ఎంత సొగసుగా నున్నను, రెండవ వేసవి నాటికి గుర్తింపరానిదగును.

నాగార్జునసాగరము కుడి కాలువ 203 కిలోమీటర్లు. దానినుండి శాఖలు, శాఖల నుండి మేజర్లు, మేజర్ల నుండి మైనర్లు, మైనర్ల నుండి తూములు. 2022 నుండి పల్నాడు, బాపట్ల జిల్లాలుగా కూడ విడివడిన ఈ సీమలో, కాలువ తల దగ్గరి రైతును, శివారు రైతును ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి అడిగినచో రెండు వేరు కాలువల కథ చెప్పుదురు. శివారున మిరప వేసినవాని ఆందోళన మేము దగ్గరగా ఎరుగుదుము. మిరపకు నీరు తక్కువైనచో పూత రాలును. ఎక్కువై నిలిచినచో వేరు కుళ్ళును. వంతు తప్పిన వారము దినములు కల్లములో కనిపించును.

కాగితము మీది కాలువలో నీరున్నది గదా, శివారునకు ఎందుకు చేరదు? దొంగతూములు ఒక కారణము. దానిని ఏ సమీకరణమును మాన్పలేదు. రెండవ కారణము గడ్డి. కాలువ లెక్కలో నేల గరుకుదనమునకు ఒక అంకె ఉండును. శుభ్రమైన మట్టి కాలువకు 0.025 చుట్టుప్రక్కల తీసికొందురు. తూటికాడ, గుర్రపుడెక్క, జమ్ము పెరిగినచో ఆ అంకె రెండింతలై 0.05 కావచ్చును. అంకె రెండింతలైనచో, లోతు, వాలు మారనపుడు, వడి సరిగా సగమగును. తల దగ్గర నీరు గట్టెక్కుచున్నట్లు నిండుగా కనిపించును, లస్కరు నిండుగా ఉన్నదనియే చెప్పును, శివారున బురద. యంత్రమునకు 0.025 అని చెప్పినవాడు అబద్ధమాడలేదు. ఆనాడది నిజము. తరువాత ఎవరును పోయి కొలువలేదు.

అందుచేత మేము కంప్యూటరును పొగడుటకు జంకము గాని, దానికి మేత వేయు కొలతలను గురించి మాత్రము పట్టుపట్టుదుము. పెద్ద కట్టలయొద్ద గడియ గడియకు మట్టము వ్రాసికొందురు. మైనరు చివర కొలకర్ర కూడ లేని చోట్లు మేము చూచితిమి. శివారు కొలత లేని లెక్కలో శివారు రైతు లేడు. అతడు లేని లెక్క నుండి పుట్టిన రూపము అతని చేనికి నీరు తెచ్చునా?

కొలత కష్టమైన పని కాదు. కాలువ తిన్నగా ఉన్నచోట అరువది అడుగుల దూరమున రెండు పుల్లలు పాతుడు. పై పుల్లకు కొంచెము ఎగువన, సగము మునిగి తేలెడి కొయ్యముక్కను నీటి నడుమ విడువుడు. మొదటి పుల్ల నుండి రెండవదానికి అరువది సెకనులు పట్టినచో, పైనీటి వడి సెకనుకు ఒక అడుగు. అడుగున నీరు మెల్లగా నడచును గనుక దానిని 0.85 చేత గుణింపవలెను. సగటు వెడల్పు నాలుగు అడుగులు, లోతు అడుగున్నర అయినచో అడ్డుకోత ఆరు చదరపుటడుగులు. ఆరును 0.85 చేత గుణించిన 5.1. ఆ కాలువలో పారునది అయిదు క్యూసెక్కులని చెప్పవచ్చును. గాలి లేని ఉదయమున, మూడు నాలుగు మారులు విడిచి, సరాసరి తీసికొనుట మేలు. హైస్కూలు పిల్లలు ఒక్క ఆదివారమున ఈ పని చేయగలరు.

ఇక ఆ గుండీ సంగతి. బిందుసేద్యపు గొట్టములోపల, చుక్క వెలువడుచోట, బొటనవ్రేలి గోటికన్న పెద్దది కాని ఒక ప్లాస్టిక్ ముక్క ఉండును. దానిని కోసి చూచినచో లోపల రంపపు పళ్ళవంటి మెలికల దారి కనిపించును. గొట్టములోని ఒత్తిడి ఆ మెలికలలో తిరిగి తిరిగి అలసి, గంటకు రెండు లేక నాలుగు లీటర్లుగా బయటపడును. ఈ దారిని గీయువారికి ఎదురెదురు కోరికలు రెండు. ఒత్తిడి అలయవలెనన్న సుడులు కావలెను. సుడి నిద్రించు మూలలో ఒండ్రు చేరి దారి మూయును. పంటి కోణము, లోతు, నడుమ సందు అను అంకెలను ప్రవాహపు లెక్కల చేత మార్చి మార్చి చూచి, నిద్రించు మూల లేని సుడిని వెదకుదురు. నాగార్జునసాగరపు వీపునకు జరిగిన విచారమే ఇక్కడ గోరంత చోటున జరుగుచున్నది. ఈ సీమలో మిరపకు బిందుసేద్యము పెట్టుకొన్న రైతులు అమ్మువానిని ధర ఒక్కటే గాక, లోపలి దారి ఎంత సన్నమో, దానికి ఎంత సన్నని జల్లెడ కావలెనో కూడ అడుగవలెను. బోరు నీటిలో ఇసుక ఉన్నచో జల్లెడను విప్పి కడుగుట తరచుగా చేయవలెను. గొట్టపు చివరి మూతను అప్పుడప్పుడు తీసి, నీరు తేటపడువరకు వదలివేయవలెను. ఇక్కడను ముందుగా మూసుకొనిపోవునది శివారు గుండీయే.